బ్లూ డ్రాగన్ చలనచిత్ర పురస్కారాలు

బ్లూ డ్రాగన్ చలనచిత్ర పురస్కారాలు దక్షిణ కొరియాలో ఏటా ఆ దేశపు సినిమాలకు, నటీనటులకు, సాంకేతిక నిపుణులకు ఇచ్చే అవార్డులు. కొరియన్ భాషలో వీటిని చొంగ్‌న్యోంగ్ యోంగ్‌హ్వాసాంగ్ అంటారు. 1963లో చోసన్ ఇల్బో దినపత్రిక వీటిని నెలకొల్పింది. 1990 నుంచి అదే సంస్థకు చెందిన స్పోర్ట్స్ చోసన్ పత్రిక నిర్వహిస్తోంది. వేడుక సాధారణంగా నవంబరు రెండో సగంలో సియోల్‌లో గానీ ఆ చుట్టుపక్కల గానీ జరుగుతుంది. టెలివిజన్‌లో ప్రత్యక్ష ప్రసారమవుతుంది. 2025 నవంబరులో జరిగినది 46వ వేడుక.

కొరియాలో సినిమా అవార్డులు చాలానే ఉన్నాయి. ఇంతకంటే పాతవి ఉన్నాయి, ప్రభుత్వ అండతో మొదలైనవీ ఉన్నాయి. అయినా సినీరంగంలో ఈ పురస్కారానికి ఎక్కువ విలువ రావడానికి ముఖ్య కారణం న్యాయనిర్ణేతలు ఎవరికి ఓటు వేశారో తర్వాత పత్రికలో ప్రకటించడం (చూడండి: ఎంపిక విధానం).

చరిత్ర: ఆరంభ దశ, 1963–1973

1960ల దశకం కొరియన్ సినిమాకు మంచి కాలం. కొరియా యుద్ధం ముగిసి పదేళ్లయింది. టెలివిజన్ ఇంకా ఇళ్లలోకి రాలేదు. జనానికి అందుబాటులో ఉన్న ప్రధాన వినోదం సినిమాహాలే. దశాబ్దం చివరికి ఏడాదికి రెండు వందలకు పైగా చిత్రాలు తయారయ్యేవి. 1969లో టికెట్ల అమ్మకం 17 కోట్లు దాటింది. దినపత్రికలు పాఠకుల కోసం పోటీపడుతున్న రోజులు కూడా అవే. బూసాన్‌లో బూయిల్ పత్రిక 1958లోనే సినిమా అవార్డులు మొదలుపెట్టింది. 1962లో గ్రాండ్ బెల్ పురస్కారాలు వచ్చాయి. మరుసటి ఏడాది చోసన్ ఇల్బో కూడా రంగంలోకి దిగింది.

తొలి ఉత్తమ చిత్రం పురస్కారం కిమ్ సూ-యోంగ్ దర్శకత్వం వహించిన ‘హ్యొల్మెక్’కు దక్కింది. ఉత్తర ప్రాంతం నుంచి తరలివచ్చి సియోల్ కొండవాలు గుడిసెల్లో తలదాచుకున్న కుటుంబాల కథ అది. ఆ దశలో ఈ అవార్డులకు జనంలో గుర్తింపు తెచ్చినవి తారల ప్రజాదరణ పురస్కారాలు. నాటి అగ్రనటుడు షిన్ సంగ్-ఇల్, నటి ఉమ్ ఏంగ్-రన్, ఆ తర్వాత ‘త్రయం’గా పేరుపడిన మూన్ హీ, నామ్ జంగ్-ఇమ్, యూన్ జంగ్-హీలు ఈ వేదికకు బాగా తెలిసిన ముఖాలు.

1973 తర్వాత వేడుక ఆగిపోయింది. 1972 చివర్లో వచ్చిన యుషిన్ రాజ్యాంగం అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ చేతిలో అధికారాన్ని మొత్తం పెట్టింది. 1973లో సవరించిన చలనచిత్ర చట్టం నిర్మాణ సంస్థలకు లైసెన్సు తప్పనిసరి చేసి సెన్సారును మరింత బిగించింది. మరోవైపు టీవీ మధ్యతరగతి ఇళ్లలోకి చేరింది. 1976 నాటికి ఏడాది ప్రేక్షకుల సంఖ్య ఏడు కోట్ల లోపుకు పడిపోయింది. అవార్డు ఇవ్వదగిన సినిమాలు తగ్గిన స్థితిలో బూయిల్ పురస్కారాలు కూడా 1973లోనే నిలిచిపోయాయి.

చరిత్ర: పునఃప్రారంభం, 1990 తర్వాత

1987 ప్రజా ఉద్యమంతో సైనిక పాలన సడలింది. సెన్సారు పట్టు తగ్గింది. కొత్త తరం దర్శకులు వచ్చారు. 1990లో స్పోర్ట్స్ చోసన్ పత్రిక మొదలై, పదిహేడేళ్లుగా ఆగిపోయిన అవార్డులను అదే ఏడాది 11వ వేడుకగా మళ్లీ ప్రారంభించింది. ఆ ఏడాది ఉత్తమ చిత్రం పార్క్ క్వాంగ్-సు తీసిన ‘బ్లాక్ రిపబ్లిక్’. పోలీసుల కంటపడకుండా బొగ్గుగనుల ఊరికి పారిపోయిన ఒక విద్యార్థి ఉద్యమకారుడి కథ. మూడు, నాలుగేళ్ల ముందైతే ఈ సినిమా సెన్సారు దాటడమే కష్టమయ్యేది. పునఃప్రారంభానికి ఇంతకంటే తగిన చిత్రం దొరకదు.

1993లో ఇమ్ క్వోన్-టెక్ ‘సోప్యొంజే’ ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. పాన్సోరి అనే సంప్రదాయ కథాగానాన్ని పాడుతూ ఊరూరా తిరిగే కుటుంబం కథ ఇది. సియోల్ నగరంలోనే పది లక్షల టికెట్లు అమ్ముడైన తొలి కొరియన్ చిత్రం కూడా ఇదే. కళాత్మక చిత్రం, జనం మెచ్చిన చిత్రం వేర్వేరుగా ఉండాల్సిన పనిలేదన్న ఈ పురస్కారాల ధోరణి అప్పటి నుంచే స్పష్టంగా కనిపిస్తుంది.

పురస్కార విభాగాలు

ప్రధాన విభాగాలు అన్ని సినిమా అవార్డుల్లో ఉన్నవే. ఉత్తమ చిత్రం, దర్శకుడు, ప్రధాన పాత్రల్లో నటుడు, నటి, సహాయ పాత్రల్లో నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, సంగీతం, కళాదర్శకత్వం, ఎడిటింగ్ ఉన్నాయి. ఛాయాగ్రహణం, లైటింగ్ కలిపి ఒకే విభాగంగా ఇస్తారు. సాంకేతిక పురస్కారంలో విజువల్ ఎఫెక్ట్స్, కాస్ట్యూమ్స్, స్టంట్స్ వంటివన్నీ కలిసి పోటీపడతాయి.

కొత్తవారికి మూడు పురస్కారాలున్నాయి: నూతన నటుడు, నూతన నటి, నూతన దర్శకుడు. ఇవి ఒక కళాకారుడి జీవితంలో ఒక్కసారే వచ్చేవి కాబట్టి కొరియన్ పత్రికలు వీటిని ప్రధాన నటీనటుల పురస్కారాలంత ఆసక్తితో చూస్తాయి.

వీటికి తోడు న్యాయనిర్ణేతలతో సంబంధం లేని పురస్కారాలు ఉన్నాయి. అర్హత కాలంలో అత్యధిక టికెట్లు అమ్ముడైన కొరియన్ చిత్రానికి లెక్క ప్రకారమే అవార్డు ఇస్తారు. ప్రజాదరణ పొందిన తారలను ప్రేక్షకుల ఓటు నిర్ణయిస్తుంది. ఈ తారల పురస్కారానికీ, లఘుచిత్ర పురస్కారానికీ చొంగ్‌జొంగ్‌వొన్ అనే ఆహార పదార్థాల బ్రాండు ప్రాయోజకత్వం వహిస్తోంది.

ఎంపిక విధానం

గత వేడుక తర్వాతి నుంచి సుమారు అక్టోబరు వరకు థియేటర్లలో విడుదలైన కొరియన్ చిత్రాలు పరిశీలనకు వస్తాయి. ఈ గడువు వల్ల ఏడాది చివర్లో వచ్చే సినిమాలు మరుసటి ఏడాది లెక్కలోకి వెళతాయి. ‘12.12: ద డే’ 2023 నవంబరు 22న విడుదలైంది. ఆ ఏడాది వేడుక రెండు రోజుల తర్వాతే జరిగింది. కాబట్టి ఆ చిత్రం 2024 వేడుక దాకా ఆగాల్సి వచ్చింది. అప్పటికి 1 కోటి 31 లక్షల మంది దాన్ని చూశారు.

నామినేషన్లను సినీరంగ నిపుణుల సర్వే, నెటిజన్ల ఓటు కలిపి నిర్ణయిస్తారు. నిర్మాతలు, దర్శకులు, పంపిణీదారులు, విమర్శకులు, సినిమా విలేఖరులు నిపుణుల కిందికి వస్తారు. తుది ఎంపిక న్యాయనిర్ణేతల మండలిది. ఇటీవలి కాలంలో ఇందులో ఎనిమిది మంది సభ్యులు ఉంటున్నారు. తొమ్మిదో ఓటు నెటిజన్లది. వేల మంది ఆన్‌లైన్‌లో వేసిన ఓట్లలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి ఆ ఒక్క ఓటు చేరుతుంది. మండలి వేడుక రోజునే సమావేశమై ఓట్లు వేస్తుంది. ఎవరికీ సగానికి మించి రాకపోతే ముందున్న వారి మధ్య మళ్లీ ఓటింగు జరుగుతుంది.

వేడుక ముగిశాక స్పోర్ట్స్ చోసన్ విభాగాల వారీగా ఓట్ల పట్టికను అచ్చువేస్తుంది. ఏ న్యాయనిర్ణేత ఎవరికి ఓటు వేశారో, ఏ నటుడు ఒక్క ఓటు తేడాతో వెనకబడ్డాడో అందులో పేరుపేరునా ఉంటుంది. ఎంత మంది ఎవరికి ఓటు వేశారన్నది అమెరికా ఆస్కార్ నిర్వాహకులు ఎప్పుడూ చెప్పరు. ఇక్కడ మాత్రం తన నిర్ణయానికి సభ్యుడు పేరుతో సహా జవాబుదారీ అవుతాడు. ఫలితం నచ్చకపోయినా, ఎలా వచ్చిందో తెలుస్తుంది. లాబీయింగు ఆరోపణలతో కొరియాలో ఇతర పురస్కారాలు పేరు పోగొట్టుకున్న కాలంలో ఈ పట్టికే బ్లూ డ్రాగన్‌ను నిలబెట్టింది.

వేడుక

ప్రధాన వేడుకకు కొన్ని వారాల ముందు, గత ఏడాది విజేతలు వచ్చి తమ అరచేతి ముద్రలు వేస్తారు. ఆ కార్యక్రమంతో కొత్త ఏడాది సందడి మొదలవుతుంది. 2019 వేడుక ఇంచియాన్‌లోని పారడైజ్ సిటీలో జరిగింది. కోవిడ్ కారణంగా 2020 వేడుకను 2021 ఫిబ్రవరి 9న నిర్వహించారు. అందువల్ల 2021 క్యాలెండరు ఏడాదిలో రెండు వేడుకలు జరిగాయి. 2021 నవంబరు నుంచి సియోల్ యోయిదో ప్రాంతంలోని కేబీఎస్ హాల్ వేదికగా ఉంది.

వ్యాఖ్యాతల్లో నటి కిమ్ హే-సూను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1993లో ‘ఫస్ట్ లవ్’ చిత్రానికి 23 ఏళ్లకే ఉత్తమ నటి అయిన ఆమె, అదే ఏడాది వేడుకకు వ్యాఖ్యానం కూడా మొదలుపెట్టారు. 1998 ఒక్కటి మినహా 2023 వరకు, మొత్తం 30 సార్లు ఆ బాధ్యత మోశారు. మధ్యలో 1995లో ‘డాక్టర్ బాంగ్’కు, 2006లో ‘తాజా’కు మళ్లీ ఉత్తమ నటి అయ్యారు. ఆమె చివరి వేడుకలో నటుడు జంగ్ వూ-సంగ్ వేదికపైకి వచ్చి ఒక జ్ఞాపికను అందించారు. దాని మీద విభాగం పేరు లేదు, ‘చొంగ్‌న్యోంగ్ యోంగ్‌హ్వాసాంగ్’ అని మాత్రమే ఉంది. 2024 నుంచి హాన్ జి-మిన్, లీ జే-హూన్ వ్యాఖ్యాతలు.

అవార్డు స్వీకరిస్తూ చేసిన ప్రసంగాల్లో కొరియన్లు ఎక్కువగా గుర్తుచేసుకునేది 2005 నాటిది. ‘యూ ఆర్ మై సన్‌షైన్’కు ఉత్తమ నటుడైన హ్వాంగ్ జంగ్-మిన్, అరవై మంది సిబ్బంది వండి వడ్డించిన పళ్లెం ముందు తాను కూర్చుని తిన్నానంతేనని, పేరు మాత్రం తనకే వస్తోందని, అది సిగ్గుగా ఉందని అన్నారు. ‘భోజనపు బల్ల ప్రసంగం’గా అది స్థిరపడిపోయింది. షూటింగులో లైట్లు మోసేవారి గురించి, మేకప్ చేసేవారి గురించి వేదికపై మాట్లాడటం ఆ తర్వాత కొరియన్ నటులకు అలవాటైంది.

పాటల ప్రదర్శనలు కూడా వేడుకలో భాగం. 2025లో గాయని హ్వాసా తన పాట ‘గుడ్ గుడ్‌బై’ పాడుతుండగా నటుడు పార్క్ జంగ్-మిన్ ఎర్రటి హైహీల్ చెప్పులు చేతపట్టుకుని వేదికపైకి వచ్చి ఆమెతో కలిసి అభినయించారు. ఆ దృశ్యం ఎంతగా వ్యాపించిందంటే, అప్పటికే విడుదలై ఉన్న ఆ పాట ఆ తర్వాత కొరియా పాటల జాబితాల్లో అగ్రస్థానానికి చేరింది.

ఉత్తమ చిత్రాలు: దర్శకులు, ఇతివృత్తాలు

2000 నుంచి వచ్చిన ఉత్తమ చిత్రాల్లో ముగ్గురు దర్శకుల పేర్లు పదే పదే కనిపిస్తాయి. పార్క్ చాన్-వుక్ చిత్రాలు నాలుగుసార్లు గెలిచాయి: ‘జాయింట్ సెక్యూరిటీ ఏరియా’ (2000), ‘సింపతీ ఫర్ లేడీ వెంజెన్స్’ (2005), ‘డెసిషన్ టు లీవ్’ (2022), ‘నో అదర్ చాయిస్’ (2025). బోంగ్ జూన్-హో ‘ద హోస్ట్’ (2006), ‘మదర్’ (2009), ‘పారసైట్’ (2019) చిత్రాలతో, ర్యూ సంగ్-వాన్ ‘ది అన్‌జస్ట్’ (2011), ‘ఎస్కేప్ ఫ్రమ్ మొగదిషు’ (2021), ‘స్మగ్లర్స్’ (2023) చిత్రాలతో మూడేసి సార్లు గెలిచారు.

‘పారసైట్’ విషయంలో కాలక్రమం గమనించదగ్గది. 2019 మేలో కాన్ చిత్రోత్సవంలో పామ్ డి ఓర్, నవంబరు 21న ఇక్కడ ఉత్తమ చిత్రం, దర్శకుడు, చో యో-జంగ్‌కు ఉత్తమ నటి, లీ జంగ్-ఉన్‌కు ఉత్తమ సహాయ నటి, 2020 ఫిబ్రవరిలో ఆస్కార్. అయితే ఆస్కార్‌లో స్క్రీన్‌ప్లే పురస్కారం కూడా గెలిచిన ఆ చిత్రానికి సొంతగడ్డపై ఆ విభాగం దక్కలేదు. అది 1994 నాటి సియోల్‌లో ఒక బడిపిల్ల జీవితాన్ని చూపిన చిన్న స్వతంత్ర చిత్రం ‘హౌస్ ఆఫ్ హమ్మింగ్‌బర్డ్’ రచయిత్రి, దర్శకురాలు కిమ్ బో-రాకు వెళ్లింది. అత్యధిక ప్రేక్షకుల పురస్కారం 1 కోటి 62 లక్షల మంది చూసిన హాస్య చిత్రం ‘ఎక్స్‌ట్రీమ్ జాబ్’ది. ఒకే రాత్రి మూడు రకాల సినిమాలకు గౌరవం దక్కిన సందర్భంగా దీన్ని ఉదాహరించవచ్చు.

ఉత్తమ చిత్రాల్లో కనిపించే మరో ధోరణి దేశ ఇటీవలి రాజకీయ చరిత్ర. ‘ది అటార్నీ’ (2014) 1980ల తొలినాళ్లలో విద్యార్థులపై పెట్టిన తప్పుడు కేసులో వారి తరఫున వాదించిన న్యాయవాది కథ. తర్వాత దేశాధ్యక్షుడైన రో మూ-హ్యున్ జీవితం దానికి ఆధారం. ‘ఎ టాక్సీ డ్రైవర్’ (2017) 1980లో గ్వాంగ్జు నగరంలో సైన్యం జరిపిన మారణకాండను జర్మన్ విలేఖరిని అక్కడికి తీసుకెళ్లిన డ్రైవరు కళ్లతో చూపుతుంది. ‘1987: వెన్ ద డే కమ్స్’ (2018) పోలీసు చిత్రహింసలో చనిపోయిన విద్యార్థి ఉదంతంతో మొదలై ప్రజా ఉద్యమం దాకా సాగుతుంది. ‘ద మ్యాన్ స్టాండింగ్ నెక్స్ట్’ (2020 పురస్కారం) 1979లో పార్క్ చుంగ్-హీ హత్యకు దారితీసిన నలభై రోజుల గురించి. ‘12.12: ద డే’ (2024) ఆ హత్య తర్వాత డిసెంబరు 12న జరిగిన సైనిక తిరుగుబాటు గురించి. చోసన్ ఇల్బో సంప్రదాయవాద పత్రికగా పేరున్నది. ఆ పత్రికా సంస్థ ఇచ్చే అవార్డు నియంతృత్వాన్ని నిలదీసే చిత్రాలకు పలుమార్లు దక్కడం, మండలి స్వతంత్రంగా పనిచేస్తోందనడానికి బలమైన సాక్ష్యం.

‘12.12: ద డే’కు పురస్కారం వచ్చినది 2024 నవంబరు 29న. నాలుగు రోజుల తర్వాత, డిసెంబరు 3 రాత్రి, అధ్యక్షుడు యూన్ సుక్-యోల్ సైనిక శాసనం ప్రకటించారు. జాతీయ అసెంబ్లీ కొన్ని గంటల్లోనే దాన్ని రద్దుచేసే తీర్మానం ఆమోదించింది.

నటీనటుల పురస్కారాలు

ఉత్తమ నటుడి పురస్కారం సాంగ్ కాంగ్-హో (2007, 2014, 2017), హ్వాంగ్ జంగ్-మిన్ (2005, 2013, 2024) మూడేసి సార్లు అందుకున్నారు. 2006లో ‘రేడియో స్టార్’ జంట ఆన్ సంగ్-కి, పార్క్ జూంగ్-హూన్ కలిసి పంచుకున్నారు.

నటీమణుల విభాగంలో చిన్న చిత్రాలకు చోటు దొరకడం విశేషం. 2014లో అత్యాచారానికి గురైన విద్యార్థిని పాత్ర పోషించిన చున్ వూ-హీ, తక్కువ ఖర్చుతో తీసిన ‘హాన్ గోంగ్-జు’ చిత్రానికి గెలిచారు. పేరు పిలవగానే నివ్వెరపోయి, వేదికపై కన్నీళ్లతో మాట తడబడిన ఆమె, స్వతంత్ర చిత్రాలపై శ్రద్ధ పెంచమని కోరారు. మరుసటి ఏడాది ‘ఆలిస్ ఇన్ ఎర్నెస్ట్‌ల్యాండ్’ చిత్రానికి లీ జంగ్-హ్యున్‌కు దక్కింది. థియేటర్లలో దాన్ని చూసినవారు యాభై వేల మంది కూడా లేరు. ఆమె అందులో పారితోషికం తీసుకోకుండా నటించారు.

2017లో నా మూన్-హీ 75 ఏళ్ల వయసులో ‘ఐ కెన్ స్పీక్’కు ఉత్తమ నటి అయ్యారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో జపాన్ సైన్యం లైంగిక బానిసత్వంలోకి నెట్టిన ఒక వృద్ధురాలు అమెరికా చట్టసభ ముందు సాక్ష్యం చెప్పడం దాని కథ. తెలుగు ప్రేక్షకులకు ఆమె ముఖం తెలియకపోయినా ఆమె పోషించిన ఒక పాత్ర తెలుసు. ‘మిస్ గ్రానీ’లో ఆమె చేసిన బామ్మ పాత్రనే నందినీరెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘ఓ బేబీ’ (2019)లో లక్ష్మి పోషించారు.

2022లో ‘డెసిషన్ టు లీవ్’కు చైనా నటి టాంగ్ వేయి ఎంపికయ్యారు. విదేశీయురాలు ఇక్కడ ఉత్తమ నటి కావడం అదే తొలిసారి. 2025లో ‘హార్బిన్’కు హ్యున్ బిన్, ‘నో అదర్ చాయిస్’కు సన్ యే-జిన్ ఉత్తమ నటీనటులయ్యారు. భార్యాభర్తలు ఒకే ఏడాది ఈ రెండు పురస్కారాలు అందుకోవడం కూడా అదే మొదలు.

విమర్శలు

ఒక మీడియా సంస్థ సొంత అవార్డులు కావడం ప్రధాన విమర్శ. 2000ల తొలినాళ్లలో చోసన్ ఇల్బో రాజకీయ ధోరణిని వ్యతిరేకించిన కొందరు సినీ కళాకారులు ఈ పురస్కారాలకు దూరంగా ఉన్నారు. ప్రజాదరణ తారల పురస్కారం అభిమాన సంఘాల బలానికి కొలమానమే తప్ప నటనకు కాదన్న అభిప్రాయమూ ఉంది. ఏటా భారీ చిత్రాలదే పైచేయి అన్న మాట మాత్రం పై ఉదాహరణలను చూస్తే పూర్తిగా నిలవదు. 2014లో 1 కోటి 76 లక్షల టికెట్లతో రికార్డు సృష్టించిన ‘రోరింగ్ కరెంట్స్’ను కాదని ఉత్తమ చిత్రంగా ‘ది అటార్నీ’ని ఎంచుకున్నారు.

ఇతర కొరియన్ పురస్కారాలతో పోలిక

గ్రాండ్ బెల్ పురస్కారాలు (1962) చాలాకాలం దేశంలో అత్యున్నతమైనవిగా గుర్తింపు పొందాయి. 2015లో, వేడుకకు రానివారికి అవార్డు ఇవ్వబోమని నిర్వాహకులు ప్రకటించగా, ప్రధాన నటీనటుల విభాగాల్లో నామినేట్ అయిన వారంతా గైర్హాజరయ్యారు. ఆ పురస్కారాల ప్రతిష్ఠ బాగా దెబ్బతిన్నది. అందుకు భిన్నంగా బ్లూ డ్రాగన్ 2016లో వేడుకకు రాని కిమ్ మిన్-హీకి ‘ది హ్యాండ్‌మెయిడెన్’ చిత్రానికి ఉత్తమ నటి పురస్కారం ప్రకటించింది. 1965లో మొదలైన బెక్సాంగ్ పురస్కారాలు సినిమాతోపాటు టెలివిజన్‌కూ ఇస్తారు. బూయిల్ అవార్డులను 2008లో పునరుద్ధరించారు.

అనుబంధం: బ్లూ డ్రాగన్ సిరీస్ అవార్డులు

ఓటీటీ వేదికలకోసం తీసే ధారావాహికలు, కార్యక్రమాలకు థియేటర్ విడుదల ఉండదు కాబట్టి ప్రధాన అవార్డుల్లో చోటు లేదు. వాటికోసం 2022 జులైలో విడిగా బ్లూ డ్రాగన్ సిరీస్ అవార్డులు మొదలయ్యాయి. తొలి ఏడాది ఉత్తమ ధారావాహిక ‘డి.పి.’. తప్పనిసరి సైనిక సేవ నుంచి పారిపోయినవారిని వెతికి పట్టుకునే సైనికుల కథ అది. 2023లో సర్వోన్నత పురస్కారం చేర్చి, ‘ద గ్లోరీ’లో నటించిన సాంగ్ హే-క్యోకు ఇచ్చారు. 2025లో ఆ పురస్కారం జేజు దీవి నేపథ్యంలో మూడు తరాల కుటుంబాన్ని చూపిన ‘వెన్ లైఫ్ గివ్స్ యు టాంజెరీన్స్’కు వెళ్లింది.